రెండు బనియన్లు

ఒదీలియా హెఫెల్ రెండు బనియన్లు తెచ్చింది.
రెండూ పోయిన ఆన్సెల్మోవే. రెండూ నూలువే.
చంకల దగ్గర పసుపు, మెడ దగ్గర సాగుడు.
"పాతిపెడదాం," అంది.
"మీ గాజు గొట్టాలు చెప్పేదేదో చెప్పనీ,
నా లెక్కలో
బట్టని తిన్న మట్టే బతికున్న మట్టి."

నవంబరు. ఎంత్రె రియోస్‌లో ఎండాకాలం
అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తోంది.
నేను పరానా నుంచి వెళ్ళినదాన్ని,
మట్టి ప్రయోగశాలలో పదకొండో ఏడు,
గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎవరిదో ఒకరి పొలం.

తీగకి ఇటు, ఆమె అమ్మమ్మ నాటి మొక్కజొన్న:
కంకికో రంగు, గింజకో పంతం.
తీగకి అటు, మరిది రైమార్ వేసిన కంపెనీ విత్తు.
దాన్ని కొరికిన పురుగు
రెండో కొరుకుడు కొరకదు.

ఆ విషం ఎవరిదనుకున్నారు?
మట్టిదే.
మట్టిలో బతికే ఒకానొక బాక్టీరియాది.
కంటికి ఆనని ఆ పుల్లముక్క
తనలో తాను దాచుకున్న రహస్యాన్ని
ఎవరో చదివి, ఎత్తి, మొక్క చెవిలో వేశారు.
ఇప్పుడు మొక్క తన వేళ్ళ చివర్ల నుంచి
ఆ ఇంటి గుట్టునే బొట్లుబొట్లుగా
మళ్ళీ ఇంట్లోకే వదులుతోంది.
ఇంటివాళ్ళు గుర్తుపట్టారా?
ఉలిక్కిపడ్డారా? ఊరుకున్నారా?
పదకొండేళ్ళుగా నేను తింటున్న జీతం
ఆ ప్రశ్నదే.

జవాబు అడిగితే నీళ్ళు నములుతాను.
ఓ ఏడు ఒక జాతి తగ్గుతుంది,
మరుసటి ఏడు అదే జాతి పిల్లాపాపలతో తిరిగొస్తుంది.
ఒక్క వాన చాలు, నా గీతలన్నీ తలకిందులు.
చిటికెడు మట్టిలో కోట్లమంది.
నా పళ్ళెంలో మొలకెత్తేది ఏ వందకొకరో,
తక్కినవాళ్ళు పిలిచినా పలకరు.
పలకనివాళ్ళ తరఫున
నేనేం సాక్ష్యం చెప్పను?

జానెడు లోతు.
భుజాలు సరిచేసి, మడత పడకుండా,
పడుకున్నవాణ్ణి లేపకూడదన్నట్టు పరిచింది.
గుర్తుకి
మాతే తాగే పాత ఇనపగొట్టాలు రెండు గుచ్చాం.

అరవై రోజులు.

జనవరి ఎండలో అమ్మమ్మ వైపు తవ్వితే
బనియను లేదు.
నిజంగానే లేదు.
అంచు కుట్టిన నైలాను దారం మాత్రం
గుండ్రంగా, మనిషి లేని మెడలా.
గుప్పెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాను:
తొలివాన వాసన.
అదీ వాళ్ళదే, ఆ కనిపించనివాళ్ళ పని.

మరిది వైపు
పొట్ట పోయింది, వీపు జల్లెడైంది,
ఎడమ భుజం మిగిలింది.
అరచెయ్యంత.

సంచి తెరిచాను, చీటీ మీద తేదీ వేశాను,
జాగ్రత్తలన్నీ నాలుక మీదికి తెచ్చుకున్నాను:
అటు పల్లం, నీళ్ళు నిలిచాయి,
అటు కలుపుమందు కూడా పడింది,
రెండు బనియన్లు రెండు పొలాలు కావు,
తేడా అయితే ఉంది, విత్తనం వల్లేనని మాత్రం...

ఆమె వినడం లేదు.
గెలిచిన మట్టి వైపు, తన మట్టి వైపు,
ఆ ఉత్త దారం వైపు చూస్తోంది.
"అంతా తినేసింది," అంది,
"ఒక్క పోగైనా ఉంచలేదు."
నలభై ఏళ్ళు దున్నిన పొలం మీద
అంత కోపం ఆమె గొంతులో నేనెప్పుడూ వినలేదు.

తర్వాత తీగ దాటొచ్చి
నా వేళ్ళ మధ్య నుంచి ఆ ఎడమ భుజాన్ని లాక్కుని
దులిపి, ఆప్రాన్ జేబులో వేసుకుంది.
"బస్తా ఈ భుజం మీదే వేసేవాడు."

పరానా దారిలో, బస్సు కుదుపుల్లో
నోటుబుక్కు తెరిచాను.
రెండో బట్ట, మిగిలిన బరువు: ఎదురుగా ఖాళీ గడి.
"నమూనా దొరకలేదు," అని రాశాను.

పదకొండేళ్ళలో
బహుశా, సుమారు, అయినప్పటికీ లేకుండా
నేను రాసిన మొదటి వాక్యం.